ప్లుటోనియము భస్మము - గుణములు, ఉపయోగములు

మానవుడు వేల సంవత్సరములుగా ఇనుము, రాగి, వెండి, బంగారము మొదలగు లోహములను భూమి నుండి త్రవ్వి తీసి వాడుకొనుచున్నాడు. ఇరువదవ శతాబ్దమున మాత్రము, భూమిలో ఎంత వెదకినను చేతికందని లోహములను అతడు తానే నిర్మించుకొన్నాడు. అట్టి కృత్రిమ లోహములలో మిక్కిలి ప్రసిద్ధిని, అంతకు మించిన అపకీర్తిని పొందినది ప్లుటోనియము. దీని పేరు వినని విద్యార్థి నేడు అరుదు. అయినను దీనిని లోహరూపమున కంటె భస్మరూపమున భద్రపరచుటయే మేలని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరనియు, విద్యుదుత్పత్తికిని అంతరిక్ష యానమునకును ఆ భస్మమునే వాడుచున్నారనియు తెలిసినవారు తక్కువ. ఆ భస్మమునకు ప్లుటోనియము డయాక్సైడు అని పేరు. దాని గుణములను, ఉపయోగములను, అపాయములను సంగ్రహముగా తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

భాషాశాఖలో పాఠములు చెప్పుకొను మేము రసాయన శాస్త్ర విషయమును ఎత్తుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. అందులకు కారణము కలదు. కట్టంగూరు, నకిరేకల్, నార్కట్‌పల్లి ప్రాంతముల విద్యార్థులు యురేనియము, ప్లుటోనియము, అణుబాంబు అను మూడు మాటలను ఒకే అర్థమున వాడుట మేము తరచుగా వినుచున్నాము. పద్యములో ఒక మాటకు బదులు మరియొక మాటను పెట్టినచో యతి చెడును, మహా అయినచో అర్థము చెడును. ఈ మూడు మాటలను కలిపివేసినచో చెడునది ప్రజల నిర్ణయము. మన జిల్లాలోను, ప్రక్కనున్న పాలమూరు నల్లమలలోను యురేనియము త్రవ్వవలెనా వద్దా అను ప్రశ్న ఇప్పటికే పలుమార్లు వచ్చినది. కనుక మాటల భేదము తెలిసికొనుట మనకు అక్కరకు వచ్చు పనియే.

భస్మము, కుష్తా

లోహము గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజనుతో, కలిసినపుడు బూడిద వంటి పదార్థమగును. రసాయన శాస్త్రము దానిని ఆక్సైడు అనును. ఇనుమునకు పట్టు త్రుప్పు ఈ జాతిలోనిదే. మన ఆయుర్వేద వైద్యులు లోహములకు పుటము పెట్టి చేయు పొడిని భస్మమనిరి. ఆ ప్రక్రియకు మారణమని పేరు పెట్టిరి. యునానీ హకీములు అదే జాతి మందును కుష్తా అనిరి. పారసీక భాషలో కుష్తన్ అనగా చంపుట. కుష్తా అనగా చంపబడినది. రెండు వైద్యములవారును వేరువేరు భాషలలో ఒకే మాట చెప్పిరి. భస్మమైన లోహము చచ్చిన లోహము. దాని తళుకు పోవును, మ్రోత పోవును, సాగు గుణము పోవును. భస్మములన్నియు ఆక్సైడులే అని చెప్పరాదు గాని, ఇనుముతో చేయు లోహభస్మము వంటి వానిలో ఆక్సైడే ప్రధానము.

ప్లుటోనియము భస్మము విషయమున ఈ మాట సగమే సరిపోవును. లోహమునకున్న రసాయనిక చురుకుదనము నిజముగానే చచ్చును. కాని పరమాణువు నడుమనున్న కేంద్రకమునకు నిప్పుతో గాని ఆమ్లజనితో గాని పని లేదు. లోహముగా ఉన్నప్పుడు ఎంత వికిరణమును విడిచెనో, భస్మమైన పిమ్మటను ఆ కేంద్రకము అంతే విడుచుచుండును. ఈ ఒక్క విషయమును గ్రహించినచో ఈ పదార్థపు తక్కిన గుణములన్నియు తేలికగా బోధపడును.

పుట్టుక

1940 డిసెంబరులో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున, మెక్‌మిలన్ ప్రారంభించిన పరిశోధనను సీబోర్గు, కెన్నెడీ, వాల్ అను శాస్త్రజ్ఞులు కొనసాగించి, యురేనియమును డ్యూటిరానులను కణములతో తాడనము చేసిరి. అందు పుట్టిన క్రొత్త మూలకమును 1941 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి రసాయనిక పరీక్షచే గుర్తించిరి. యురేనియమునకు యురేనస్ గ్రహము పేరును, దాని తరువాతి నెప్ట్యూనియమునకు నెప్ట్యూన్ పేరును ఉండుటచే, దీనికి ప్లూటో పేరు పెట్టిరి. 2006లో ప్లూటోకు గ్రహముల వరుసలో స్థానము పోయినను లోహమునకు పేరు నిలిచియున్నది.

ఆనాటికి ఆ మూలకము కంటికి కనబడునంత కూడ లేదు. 1942 సెప్టెంబరు 10వ తేదీన చికాగో విశ్వవిద్యాలయమున కన్నింగ్‌హామ్, వెర్నర్ అను ఇరువురు దానిని మొదటిసారి తూచిరి. తూనికకు వచ్చినది 2.77 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షల వంతు. మానవుడు నిర్మించిన మూలకమును తూచుట అదియే ప్రథమము. ఆనాడు త్రాసునకెక్కినది లోహము కాదు, మనము చెప్పుకొనుచున్న ఈ డయాక్సైడే. యురేనియము ఖనిజములలో ప్రకృతిసిద్ధముగా ప్లుటోనియము అత్యల్ప లేశముగా ఉన్నట్లు తరువాత కనుగొన్నారు గాని, వాడుకకు వచ్చునదంతయు మానవుడు రియాక్టరులలో పుట్టించినదే.

తయారగు విధము

దీని తయారీని తెలిసికొనుటకు మనకు మిక్కిలి సమీపముననున్న స్థలము నుండియే ప్రారంభింపవచ్చును. హైదరాబాదులోని మౌలాలీ ప్రాంతమున 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కట్టంగూరునకు వంద కిలోమీటర్ల దూరమునకు మించి లేదు. అచట యురేనియము డయాక్సైడును చిన్న బిళ్ళలుగా అదిమి, అధికమైన వేడిలో కాల్చి, జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నింపుదురు. ఇట్లు నింపిన ఇంధనము దేశములోని రియాక్టరులకు పోవును. మౌలాలీలో బిళ్ళలుగా మారునది యురేనియము భస్మమే గాని ప్లుటోనియము భస్మము కాదని ఇచటనే గుర్తుంచుకొనవలెను.

ప్రకృతిలో దొరకు యురేనియములో వందకు 0.7 పాళ్ళు మాత్రమే 235 సంఖ్య గల రకము. తక్కినది దాదాపుగా 238 రకము. రియాక్టరులో 235 రకము చీలి వేడినిచ్చును. ఆ చీలికలో వెలువడు న్యూట్రానులలో కొన్నింటిని 238 రకము మ్రింగి, 239గా మారి, కొద్ది దినములలో నెప్ట్యూనియముగాను, దాని నుండి ప్లుటోనియము-239గాను పరిణమించును. మన దేశపు భారజల రియాక్టరులలో కాలిన ఇంధనమున టన్నుకు మూడు నాలుగు కిలోగ్రాముల ప్లుటోనియము ఉండును. ఆ ఇంధనమును నత్రికామ్లములో కరగించి, యురేనియమును, ప్లుటోనియమును, తక్కిన చీలిక పదార్థములను వేరు చేయుదురు. మన దేశమున ఈ పని 1960ల నడిమి కాలమున బొంబాయి సమీపములోని ట్రాంబేలో మొదలైనది. వేరుపడిన ప్లుటోనియము ద్రావణమునకు ఆక్జాలికామ్లమును కలిపినచో ఆక్జలేటు అవక్షేపమగును. దానిని వడకట్టి, ఆరబెట్టి, కొన్ని వందల డిగ్రీల వేడిలో కాల్చగా మిగులునదే ప్లుటోనియము డయాక్సైడు. ఒక్కొక్క ప్లుటోనియము పరమాణువునకు రెండేసి ఆమ్లజని పరమాణువులుండుట చేత దీనికాపేరు వచ్చినది.

భౌతిక, రసాయన గుణములు

ఈ భస్మము కాల్చిన వేడిని, రేణువుల పరిమాణమును అనుసరించి పసుపు కలిసిన ఆకుపచ్చ నుండి గోధుమ వన్నె వరకు కనబడును. దీని సాంద్రత ఘన సెంటీమీటరునకు సుమారు 11.5 గ్రాములు, అనగా సీసము కంటె ఇంచుక బరువు. నీటిలో కరగదు. దీని ద్రవీభవన స్థానము 2,400 సెంటీగ్రేడు డిగ్రీలకు పైబడినది.

ఈ గుణముల విలువ లోహముతో పోల్చినపుడు తెలియును. ప్లుటోనియము లోహము 640 డిగ్రీలకే కరగిపోవును. అంతకు లోపుననే దాని స్ఫటిక రూపము అయిదు మార్లు మారి, ప్రతి మార్పునందును పరిమాణము పెరుగుటయో తరుగుటయో జరుగును. ఇట్లు ఉబ్బి తగ్గు పదార్థమును గొట్టములో బంధించి సంవత్సరముల తరబడి వేడి చేయుట సాధ్యము కాదు. పైగా లోహపు పొడి గాలి తగిలిన మాత్రమున అంటుకొనును. భస్మమునకు ఈ రెండు దోషములును లేవు. అది కరగు వరకును ఒకే స్ఫటిక రూపమున నిలుచును. ఒకమారు ఆమ్లజనితో సంపూర్ణముగా కలిసినది గనుక గాలిలో మరల కాలదు. చాలకాలము నిలువ చేయవలసిన ప్లుటోనియమును 950 డిగ్రీల వరకు కాల్చి, భస్మముగా ఉక్కు పాత్రలలో భద్రపరచుట అమెరికాలో నియమము. దీనికిని ఒక లోపము కలదు. పింగాణీ జాతికి చెందినది గనుక వేడిని త్వరగా ప్రసరింపనీయదు. అందుచే ఇంధనపు బిళ్ళలను సన్నగా చేయవలసి యుండును.

ఇచట నల్లగొండవారికి ఆసక్తికరమైన విషయమొకటి చెప్పవలసియున్నది. ఫ్లోరిన్ అను మూలకమును మనకెవరును పరిచయము చేయ నక్కరలేదు. మన నల్లరాతి గ్రానైటులోని ఫ్లోరైటు మొదలగు ఖనిజముల నుండి ఫ్లోరైడు భూగర్భ జలములలో కలిసి, తరతరముల పండ్లకు మచ్చలు పెట్టినది, ఎముకలను వంచినది. పటికను, సున్నమును ఉపయోగించి నీటి నుండి దానిని తొలగించు పద్ధతి నల్లగొండ టెక్నిక్ అను పేరుతో శాస్త్రగ్రంథములకెక్కినది. ఆ ఫ్లోరైటు స్ఫటికమున పరమాణువులు ఏ అమరికలో ఉన్నవో ప్లుటోనియము భస్మమునను అదే అమరిక. కాల్షియము ఉన్నచోట ప్లుటోనియమును, ఫ్లోరిన్ ఉన్నచోట ఆమ్లజనిని నిలిపినచో చాలును. అంతే కాదు. బాగుగా కాల్చిన ఈ భస్మము నత్రికామ్లమునకు లొంగదు. దానిని మరల కరగించవలసినపుడు ఆ ఆమ్లమునకు కొంచెము హైడ్రోఫ్లోరికామ్లమును చేర్చుదురు. మన నీటిని పాడుచేసిన మూలకమే ప్రయోగశాలలో ఈ మొండి భస్మమును కరగించుటకు తోడ్పడుచున్నది.

వికిరణము, అర్ధాయువు

ప్లుటోనియము ప్రధానముగా ఆల్ఫా కణములను విడుచును. ఇవి బరువైనవి గనుక దూరము పోలేవు. ఒక కాగితము గాని, చర్మముపై నున్న మృత పొర గాని వీనిని ఆపగలదు. రేడియోధార్మిక పదార్థములో సగము క్షయించుటకు పట్టు కాలమును అర్ధాయువందురు. ప్లుటోనియము-239కి అది సుమారు 24,110 సంవత్సరములు, ప్లుటోనియము-238కి 87.7 సంవత్సరములు.

ఈ అంకెలు మనసునకు పట్టుటకు ఒక లెక్క వేయుదము. నల్లగొండ ప్రక్కన పానగల్లులో నున్న ప్రాచీనాలయములకు సుమారు 900 సంవత్సరముల వయస్సు అనుకొందము. వాని పునాది వేసిననాడు 100 గ్రాముల ప్లుటోనియము-239ను పాతిపెట్టి యున్నచో ఈనాటికి 97 గ్రాములకు పైగా మిగిలియుండెడిది. రాజ్యములు మారినవి, లిపులు మారినవి, భాష మారినది; ఆ పదార్థము మాత్రము మూడు గ్రాములైనను తరిగెడిది కాదు. అదే 100 గ్రాములు 238 రకమైనచో నేటికి గ్రాములో పదవ వంతు కూడ మిగిలెడిది కాదు. ఒకే మూలకము, ఒకే భస్మము. అయినను కేంద్రకపు సంఖ్యలో ఒక్కటి తేడా ఉండుట చేత స్వభావములు ఇంతగా భేదించినవి. దీర్ఘాయువు గల 239 రకము న్యూట్రాను తగిలినపుడు చీలును గనుక ఇంధనమునకు పనికివచ్చును. అల్పాయువు గల 238 రకము తనంత తానే త్వరగా క్షయించుచు వేడిని పుట్టించును గనుక ఉష్ణమునకు పనికివచ్చును. ఉపయోగములన్నియు ఈ రెండు శాఖలుగా చీలియున్నవి.

మొదటి ఉపయోగము : ఇంధనము

మన దేశమున ప్లుటోనియము భస్మము ఇంధనముగా మొదట పనిచేసినది ట్రాంబేలోని పూర్ణిమ అను చిన్న రియాక్టరులో. అది 1972 మే 18వ తేదీన శృంఖలా చర్యను నిలబెట్టుకొన్నది. అది విద్యుత్తు కొరకు కట్టినది కాదు. వేగముగల న్యూట్రానుల నడవడిని తెలిసికొనుటకు కట్టినది. 1990లలో తారాపూరు రియాక్టరులో యురేనియము భస్మముతో ప్లుటోనియము భస్మమును కలిపిన మిశ్రమ ఇంధనమును పరీక్షించిరి. 1985లో కల్పాక్కమున పని ప్రారంభించిన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టరునకు ఆక్సైడును గాక కార్బైడును వాడిరి. అచటనే నిర్మించిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరునకు మాత్రము మిశ్రమ ఆక్సైడునే ఇంధనముగా నిర్ణయించిరి. దాని గర్భభాగమును (కోరును) నింపు పని 2024 మార్చిలో మొదలైనది.

ఇందులోని ఆశయము 1950లలో హోమీ భాభా సూచించిన మూడు దశల ప్రణాళిక. మన దేశమున యురేనియము కొంచెము, థోరియము అధికము. కేరళ, తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరముల ఇసుకలో మోనజైటు రూపమున అది ఉన్నది. థోరియము నేరుగా ఇంధనము కాదు. కనుక మొదటి దశలో యురేనియము నుండి ప్లుటోనియమును సంపాదించి, రెండవ దశలో దానిని కాల్చుచు ఇంధనమును పెంచుకొని, మూడవ దశలో థోరియమును వాడుకొనవలెనని ఆయన తలపోసిరి. రెండవ దశ అనుకొన్న కాలమునకు రాలేదు. అయినను ఆ ప్రణాళిక అంతయు ఈ భస్మముపైననే ఆధారపడియున్నది.

రెండవ ఉపయోగము : ఆరని పొయ్యి

ప్లుటోనియము-238 గ్రామునకు అర వాటుకు పైగా వేడినిచ్చును. 150 గ్రాముల భస్మపు బిళ్ళ ఒక్కటి సుమారు 60 వాట్ల వేడిని సంవత్సరముల తరబడి ఇచ్చుచుండును. కట్టె వేయనక్కరలేదు, నూనె పోయనక్కరలేదు, ఎండ రానక్కరలేదు. ఈ వేడిని ఉష్ణయుగ్మముల ద్వారా విద్యుత్తుగా మార్చు పరికరములను అంతరిక్ష నౌకలలో అమర్చినారు. 1977లో ప్రయోగించిన వాయేజరు నౌకలు రెండును ఈ విధముగానే సౌర మండలపు అంచులు దాటి వార్తలు పంపినవి. 50 సంవత్సరములకు ఆ భస్మములో మూడింట రెండు వంతుల వేడి ఇంకను మిగిలియుండునని అర్ధాయువు లెక్క చెప్పును. 2012లో అంగారకునిపై దిగిన క్యూరియాసిటీ బండిలో 4.8 కిలోగ్రాముల ప్లుటోనియము డయాక్సైడు కలదు. అది మొదట సుమారు 110 వాట్ల విద్యుత్తునిచ్చినది.

ఇట్టి పొయ్యి లేకున్నచో ఏమగునో మనమే చూచినాము. 2023 ఆగస్టులో చంద్రునిపై దిగిన మన విక్రమ్, ప్రజ్ఞాన్ పరికరములు సూర్యకాంతిపై ఆధారపడినవి. పదునాలుగు దినముల పగలు నిర్ణయించిన పనిని చక్కగా ముగించి, ఆపై వచ్చిన దీర్ఘరాత్రి చలికి అవి మరల మేల్కొనలేదు. వాని పని పగటి వరకే నిర్ణయించినది గనుక అది వైఫల్యము కాదు. కాని రాత్రిని దాటవలెనన్నచో పొయ్యి కావలెనని అందరికిని తెలిసినది.

అదే కుటుంబమునకు చెందిన మరియొక భస్మమును గూర్చి ఒక మాట. రియాక్టరు ప్లుటోనియములోని 241 రకము క్రమముగా అమెరీషియము-241గా మారును. దాని అర్ధాయువు సుమారు 432 సంవత్సరములు. ఈ అమెరీషియము డయాక్సైడును గ్రాములో పది లక్షల వంతు కంటె తక్కువ ప్రమాణమున పొగను పసిగట్టు పరికరములలో వాడిరి. అది గాలిని అయనీకరించి స్వల్ప విద్యుత్ప్రవాహమును కలిగించును. పొగ చేరగానే ప్రవాహము తగ్గి గంట మ్రోగును.

అపాయములు

గట్టి బిళ్ళగా, పాత్రలో బంధింపబడి ఉన్నంతవరకు ఈ భస్మపు ఆల్ఫా కణములు దేహమును చేరలేవు. భస్మములోని ఆమ్లజనిపై ఆల్ఫా కణములు తగులుటచే స్వల్పముగా న్యూట్రానులు పుట్టును గనుక దానికి తగిన కవచము ఏర్పరచుదురు. నీటిలో కరగదు గనుక పొరపాటున కడుపులో చేరినను చాలవరకు బయటికే పోవును. నిజమైన ప్రమాదము ఊపిరి త్రోవన వచ్చును. కంటికి కనబడని సన్నని దుమ్ముగా మారి శ్వాసలో ప్రవేశించినచో, కరగని గుణమే అపుడు శత్రువగును. అది ఊపిరితిత్తులలో సంవత్సరముల తరబడి నిలిచి, చుట్టునున్న జీవకణములను ఆల్ఫా కణములచే గాయపరచుచుండును. క్రమముగా కొంత కాలేయమునకు, ఎముకలకు చేరును. క్యాన్సరు వచ్చు అవకాశము పెరుగును. అందుచేతనే దీనితో పనిచేయువారు గాలి బయటికి రాని గాజు పెట్టెలలో, చేతికి తొడుగులు వేసికొని పనిచేయుదురు; ఆ పెట్టెలలోని గాలి ఒత్తిడిని గది ఒత్తిడి కంటె తక్కువగా ఉంచుదురు. చిల్లు పడినను గాలి లోనికి పోవునే గాని దుమ్ము వెలుపలికి రాదు. చీలు రకమును ఒకేచోట అధికముగా ప్రోగు చేయరాదను నియమము కూడ కలదు.

ఈ జాగ్రత్తలు పాఠము నేర్చుకొనిన పిమ్మట వచ్చినవే. 1964 ఏప్రిల్‌లో కక్ష్యను చేరలేకపోయిన ఒక అమెరికా ఉపగ్రహములోని సుమారు ఒక కిలోగ్రాము ప్లుటోనియము లోహము పై వాతావరణమున కాలి ప్రపంచమంతట చెదరినది. ఆ పిమ్మట ఇంధనమును కాలని భస్మరూపమున చేసి, దృఢమైన కవచములలో బంధించుట అలవాటైనది. 1970లో అపోలో 13 తిరిగి వచ్చునపుడు దాని ప్లుటోనియము భస్మపు పాత్ర పసిఫిక్ మహాసముద్రపు టోంగా అగాధములో పడినది. తరువాతి పరీక్షలలో వికిరణము వెలువడిన గుర్తులు కనబడలేదు. మన దేశమునకును ఇట్టి అనుభవము కలదు. చైనా అణుపరీక్షలను కనిపెట్టుటకై 1965లో భారత, అమెరికా బృందము నందాదేవి శిఖరముపైకి తీసికొనిపోయిన ప్లుటోనియము పరికరము అచటి మంచులో మాయమైనది. 1978లో ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి ఈ విషయమును పార్లమెంటునకు తెలియజేసిరి. ప్రజలకు తెలియుటకు పదమూడు సంవత్సరములు పట్టినది.

భస్మము నుండి మరల లోహమును తీయవచ్చునను సంగతిని దాచరాదు. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకిని నాశనము చేసిన బాంబులో నున్నది సుమారు 6 కిలోగ్రాముల ప్లుటోనియము లోహము. కనుకనే ఏ దేశమందైనను ఈ భస్మమును గ్రాము గ్రాముకు లెక్కించి కాపాడవలసి యుండును.

మన జిల్లాకు దీనితో నేమి పని?

నాగార్జునసాగర్ జలాశయమునకు సమీపమున లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతములలో యురేనియము ఖనిజము ఉన్నట్లు కనుగొన్నారు. అచట గనులు త్రవ్వు ప్రతిపాదనపై 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. ప్రజలు తీవ్రముగా వ్యతిరేకించిరి. త్రవ్వకము జరుగలేదు. 2019లో అమ్రాబాద్ అడవులలో అన్వేషణ వార్త రాగా నల్లమల అంతయు కదలినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వరాదని ఏకగ్రీవముగా తీర్మానించినది.

ఇట్టి సభలలో మన విద్యార్థులు నిలిచి మాట్లాడవలసి వచ్చును. అపుడు లంబాపూర్ రాతిలో ప్లుటోనియము ఉన్నదనియో, గని బాంబువలె పేలుననియో అన్నచో, ఎదుటి అధికారి ఒక్క వాక్యముతో ఆ మాటను కొట్టివేయును. దానితోపాటు న్యాయమైన అభ్యంతరములు కూడ కొట్టుకొనిపోవును. లంబాపూర్‌లో ఉన్నది అల్పశ్రేణి యురేనియము ఖనిజము. అందులోని అపాయము వేరు. టన్నుల కొలది రాతిని పొడి చేసి కొంచెము యురేనియమును తీసికొనిన తరువాత, రేడియముతో కూడిన వ్యర్థము అంతయు అచటనే మిగులును. దాని నుండి రేడాన్ వాయువు వెలువడును. వాననీరు దానిని కడిగినచో వాగులకు, వాగుల నుండి జలాశయమునకు చేరవచ్చును. ఆ వ్యర్థమును ఎచట ఉంచుదురు, ఏ పొరతో కప్పుదురు, ఎన్ని సంవత్సరములు కావలి కాయుదురు, బావుల నీటిని ఎవరు పరీక్షించి ఫలితములను ఎచట ప్రకటించుదురు అని అడిగినచో ఏ అధికారియు తేలికగా తప్పించుకొనలేడు. ఇవి తెలిసి అడిగిన ప్రశ్నలు.

మరియొక వైపు, వికిరణమను మాట వినగానే బెదరిపోవుటయు తగదు. కట్టంగూరు చుట్టునున్న గ్రానైటు గుట్టలలో కూడ టన్నుకు కొన్ని గ్రాముల యురేనియము సహజముగా ఉండును. ఆ గుట్టల నడుమనే మన పూర్వులు జీవించిరి. ఉన్నదా లేదా అనునది కాదు, ఎంత ఉన్నదనునది ప్రశ్న. ఫ్లోరైడు మనకీ పాఠము ముందే నేర్పినది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు లోపల ఉన్నపుడు పండ్లకు మేలు చేయునదే, 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి పెరుగుకొలది ఎముకలను పట్టుచున్నది. ఆ భేదమును కంటితో గాని నాలుకతో గాని కనిపెట్టలేకపోయినాము. కొలిచిన పిమ్మటనే తెలిసినది. కొలిచి చెప్పువారు ఆలస్యముగా వచ్చిరి గనుక ఎందరో నడుములు వంగినవారై బ్రతికిరి.

కనుక రేడియోధార్మిక పదార్థమును గూర్చి ఎవరేమి చెప్పినను, అది ప్రభుత్వము మాటయైనను, వ్యతిరేకుల మాటయైనను, విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. అది ఏ పదార్థము? యురేనియమా, ప్లుటోనియమా, అందును ఏ సంఖ్య గలది? రెండవది, ఎంత? మూడవది, అది దేహమును చేరు త్రోవ ఏది? నీరా, తిండియా, ఊపిరియా? నాలుగవది, ఎంతకాలము నిలుచును? ప్లుటోనియము భస్మమునకు ఈ ప్రశ్నలు వేసి చూడుడు. వాయేజరులోని పొయ్యికి, కల్పాక్కము ఇంధనమునకు, ఊపిరిలో చేరిన దుమ్మునకు వేరువేరు సమాధానములు వచ్చును. పదార్థమొక్కటే అయినను మంచి చెడ్డలను నిర్ణయించునవి ఆ సమాధానములే.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రారంభమైనపుడు శాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని నమ్మి, దారుల్ తర్జుమా పండితులు ఉర్దూలో వేలకొలది శాస్త్రపదములను కూర్చిరి. తెలుగులోను ఆమ్లజని, నత్రజని, పరమాణువు వంటి పదములు అట్టి శ్రమ చేతనే ఏర్పడినవి. మన కళాశాలలో ఆ రెండు భాషల విద్యార్థులును ఒకే వరండాలో నడచుచున్నారు. భస్మమనువారు, కుష్తా అనువారు కలిసి కూర్చుండి, రసాయన శాస్త్ర ఉపన్యాసకుల సహాయముతో, తమ ఊరి బావినీటి పరీక్షా పత్రమును చదివి ఇంటివారికి తమ భాషలో వివరించగలిగినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లు మేము భావింతుము.